పనులు పేరుకుపోతుంటే గేమ్‌లోకి జారిపోతున్నారా? బయటికొచ్చే పద్ధతి ఇది

గేమ్ తెరవడానికి సరిగ్గా ముందు ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మెయిల్ తెరిచి, సబ్జెక్ట్ లైన్ చదివి, మళ్లీ మూసేసి ఉంటారు. లేదా బల్ల మీదున్న కవరును చూసి బోర్లా తిప్పి ఉంటారు. గుండెలో ఏదో బరువుగా కదిలింది. ఆ మరుక్షణం చేయి దానంతటదే లాంచర్ (గేమ్‌ను తెరిచే ప్రోగ్రామ్) మీదికి పోయింది. అరగంట అనుకున్నది నాలుగు గంటలైంది. కవరు ఎక్కడిది అక్కడే ఉంది, దాన్ని చూస్తే కలిగే భయం మాత్రం ఇంకాస్త పెరిగింది.

ఈ గైడ్ ఆ మరుక్షణం గురించే. ఆన్‌లైన్ ఫాంటసీ గేములు, ఒంటరిగా ఆడే ఓపెన్ వరల్డ్ గేములు, వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని తిరిగే లోకాలు, దేనికైనా ఈ పద్ధతి పనికొస్తుంది. ఆట పూర్తిగా మానేయక తప్పనివాళ్లు కొందరుంటారు, వాళ్ల సంగతి చివర్లో చెప్పాం. మిగతావాళ్లకు కావాల్సినవి రెండు: పనికుప్పలోకి దిగడానికి ఒక చిన్న మెట్టు, గేమ్‌లోంచి బయటికి రావడానికి ముందుగానే తెరిచిపెట్టుకున్న తలుపు.

మొదటి వారం ఏమీ మార్చకండి, రాయండి

కీబోర్డు పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. ఫోన్‌లో నోట్స్ వద్దు, నోట్స్ కోసం ఫోన్ తీసిన చేయి వేరే చోటికి పోతుంది. కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో గేమ్ తెరిచిన టైం. రెండో గడిలో, ఆ నిమిషంలో నిజానికి చేయాల్సిన పని ఏదో రెండు మూడు మాటల్లో. మూడో గడిలో బయటికొచ్చిన టైం. మొదటి రెండు గళ్లూ గేమ్ తెరవకముందే నింపాలి. పది సెకన్ల పని. ఏడు రోజులు ఇలా రాయండి, ఎంత ఆడినా సరే, తగ్గించాలని ప్రయత్నించకండి.

ఎక్కువమంది పొరపాటు చేసేది రెండో గడి దగ్గరే. ఆడి వచ్చాక నింపుదామనుకుంటారు. అప్పటికి మనసు ఒక కథ అల్లేసుకుని ఉంటుంది: "అలిసిపోయాను, అందుకే ఆడాను". ముందుగా రాస్తే "మేనేజర్‌కి రిపోర్ట్ పంపాలి" అని నిజం పడుతుంది. వారం చివర ఆ గడి ఒక్కటే పైనుంచి కిందికి చదవండి. మొత్తం పెండింగ్ పనులు నలభై ఉన్నా, ఆ గడిలో మళ్లీ మళ్లీ కనిపించేవి సాధారణంగా రెండో మూడో ఉంటాయి. మిమ్మల్ని తరుముతున్నవి అవే. మిగతా ముప్పై ఏడూ వాటి నీడలో దాక్కున్నాయి.

ఎన్ని గంటలు ఆడానన్న లెక్క ఇప్పుడు అవసరం లేదు. స్టీమ్ అనే గేముల స్టోర్ లైబ్రరీలో ప్రతి గేమ్ పక్కనా మొత్తం గంటలు కనిపిస్తాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో /played (స్లాష్ ప్లేడ్) అని టైప్ చేస్తే ఆ క్యారెక్టర్‌తో ఎన్ని రోజులు గడిపారో చెబుతుంది. ఆ అంకె చూసి సిగ్గుపడటం వల్ల మేలు జరగదు, పైగా ఆ సిగ్గును మరిచిపోవడానికి మళ్లీ గేమే గుర్తొస్తుంది. పనులు వాయిదా వేయడంలో టైం లెక్కల కన్నా ఆ క్షణపు బాధను దూరం పెట్టాలన్న తపనే ఎక్కువగా పనిచేస్తుందని ఫ్యూషియా సిరోయిస్, టిమొతీ పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2013లో వివరించారు. కాబట్టి మీ మీద మీరు కోపం పెంచుకునే కొద్దీ వాయిదా కూడా పెరుగుతుంది. దయచేసి ఈ వారం తిట్టుకోకండి.

గేమ్ ఎందుకంత గట్టిగా లాగుతుంది

ఫాంటసీ లోకంలో తర్వాత ఏం చేయాలో ఎప్పుడూ స్పష్టంగా ఉంటుంది. క్వెస్ట్ లాగ్ (గేమ్ ఇచ్చే పనుల, అంటే క్వెస్ట్‌ల జాబితా) తెరిస్తే ఎక్కడికి వెళ్లాలో మ్యాప్ మీద గుర్తుంటుంది, ఎన్ని చంపాలో అంకె ఉంటుంది, పూర్తి చేస్తే ఏం వస్తుందో ముందే చూపిస్తుంది. బయట ఉన్న పనికి ఈ మూడూ ఉండవు. "ఆ వ్యవహారం తేల్చాలి" అన్నదానికి మ్యాప్ ఎక్కడుంది? మీరు సోమరి కాబట్టి గేమ్‌లోకి వెళ్తున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. నిన్న రాత్రి ఒకే బాస్ (పెద్ద శత్రువు) చేతిలో ఇరవైసార్లు ఓడిపోయి కూడా మళ్లీ ప్రయత్నించిన మనిషి సోమరి ఎలా అవుతారు?

రెండోది లూట్, అంటే శత్రువులను ఓడిస్తే దొరికే వస్తువులు. ఎన్నోసారికి మంచి ఐటెం పడుతుందో తెలియకపోవడమే ఆపలేకపోవడానికి కారణం. బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో కూడా ఎన్నిసార్లు మీట నొక్కితే గింజ పడుతుందో తెలియనప్పుడే అవి విడవకుండా నొక్కుతూ పోయాయి. "ఇది పడగానే ఆపేస్తాను" అనే మాటకు అందుకే విలువ ఉండదు. అది ఎప్పుడు పడుతుందో మీ చేతిలో లేదు.

మూడోది వేళలు. రోజూ రావాలి, లేకపోతే ఏదో పోతుందన్న భయం. ఇక్కడ మాత్రం ఒకసారి కూర్చుని లెక్క వేస్తే చాలా ఊరట దొరుకుతుంది. గెన్షిన్ ఇంపాక్ట్‌లో రెసిన్ (బహుమతులు తీసుకోవడానికి ఖర్చయ్యే శక్తి) 8 నిమిషాలకు ఒకటి చొప్పున నిండుతుంది, గరిష్ఠం 200. అంటే ఖాళీ నుంచి నిండటానికి 26 గంటల 40 నిమిషాలు. రోజుకు ఒక్కసారి, ఒకే వేళకు లాగిన్ అయి ఖర్చు చేస్తే ఒక్కటి కూడా వృథా కాదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడుసార్లు తెరవాల్సిన పని లేదు. ఫైనల్ ఫాంటసీ 14లో సొంత ఇల్లున్నవాళ్లు దాన్ని కూల్చేస్తారేమోనని భయపడుతుంటారు. అక్కడి గడువు 45 రోజులు, ఈలోపు యజమాని ఒక్కసారి లోపలికి అడుగు పెడితే చాలు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అయితే ఆడకుండా ఉన్నందుకే బహుమతి ఇస్తుంది: సత్రంలోనో నగరంలోనో లాగౌట్ అయితే ప్రతి 8 గంటలకు లెవెల్‌లో 5 శాతం చొప్పున రెస్టెడ్ ఎక్స్‌పీ (లెవెల్ త్వరగా పెరగడానికి తోడయ్యే పాయింట్లు) పోగవుతుంది, ఒకటిన్నర లెవెల్ దాకా. అంటే పూర్తిగా నిండటానికి 10 రోజులు. లెవెల్ పెంచుకుంటున్న క్యారెక్టర్‌ను పది రోజులు సత్రంలో పడుకోబెట్టి మీ పనులు చూసుకోవచ్చు.

మీరు ఆడే గేమ్‌కు కూడా ఈ లెక్క వేయండి. రోజువారీగా నిజంగా పోయేది ఏది, వారానికోసారి చేసినా సరిపోయేది ఏది, ఎప్పుడు చేసినా ఉండేది ఏది? చాలామందికి తేలేదేమిటంటే, రోజూ తప్పనిసరి అనుకున్నవాటిలో ఎక్కువ భాగం వారానికి రెండు రోజుల్లో అయిపోతాయి.

పనికుప్పను క్వెస్ట్ సైజుకు కోయడం

ఒక తెల్లకాగితం, ఇరవై నిమిషాలు. తలలో ఉన్న ప్రతి పెండింగ్ పనీ రాయండి. వరస వద్దు, ముఖ్యమైనదా కాదా అన్న ఆలోచన వద్దు. "చెల్లికి ఫోన్", "పన్ను రిటర్న్", "పంటి నొప్పి", "కారుతున్న కుళాయి", అన్నీ ఒకే కాగితం మీద. టైమర్ మోగగానే ఆపేయండి, మిగిలినవి తర్వాత గుర్తొచ్చినప్పుడు చేర్చుకోవచ్చు.

ఇప్పుడు ఆలస్యమయ్యే కొద్దీ ఫైనో వడ్డీనో పెరిగేవాటి పక్కన చుక్క పెట్టండి. ఒక మనిషి ఎదురుచూస్తున్నవాటి పక్కన గీత గీయండి. మిగతావి అలాగే వదిలేయండి. చుక్క ఉన్నవాటిలోంచి ఒకటి, గీత ఉన్నవాటిలోంచి ఒకటి, మీ గళ్ల కాగితంలో ఎక్కువసార్లు కనిపించిన పని ఒకటి తీసుకోండి. ఒకే పని రెండు చోట్ల వస్తే ఇంకా మంచిది. ఈ వారానికి ఈ మూడే. నాలుగోది చేరిస్తే మళ్లీ కొండలా కనిపిస్తుంది, చేయి మళ్లీ లాంచర్ మీదికి పోతుంది.

తర్వాత ఒక్కో పనినీ క్వెస్ట్ సైజుకు కోయాలి. గేమ్ నుంచి అరువు తెచ్చుకోవాల్సింది ఈ ఒక్కటే. పనులకు పాయింట్లు, బ్యాడ్జీలు ఇచ్చే యాప్‌లు ఉన్నాయి, మా సలహా అయితే వాటి జోలికి పోకండి. రెండు రోజులు యాప్‌ను అలంకరించుకోవడంలో గడిచిపోతుంది, మూడో రోజు నుంచి అది తెరవాల్సిన ఇంకో గేమ్ అవుతుంది. మంచి క్వెస్ట్‌లో ఎక్కడికి పోవాలి, ఏది పట్టుకోవాలి, ఎప్పుడు పూర్తయినట్టు అన్నది ఉంటుంది. మీ పనిని కూడా అలాగే రాయండి. "పన్ను రిటర్న్" అన్నది పని పేరు. "అల్మారాలో రెండో అర, నీలం ఫైలు, దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాలి" అన్నది క్వెస్ట్.

అందరూ భయపడే తెరవని కవరునే ఉదాహరణగా తీసుకుందాం. దాన్ని తెరవలేకపోవడానికి కారణం ఒకటే: తెరిస్తే అప్పటికప్పుడు పరిష్కరించాలేమోనన్న భయం. కాబట్టి తెరవడాన్ని, తేల్చడాన్ని విడదీయండి. మొదటి రోజు కత్తెరతో అంచు కత్తిరించి, కాగితం తీసి, రెండంటే రెండు విషయాలు వెతకండి: గడువు తేదీ, రిఫరెన్స్ నంబరు. మొత్తం చదవకండి. ఆ రెండింటినీ కవరు మీద పెద్ద అక్షరాలతో పెన్నుతో రాసి, కాగితం మళ్లీ లోపల పెట్టి, గోడకు ఆనించి నిలబెట్టండి. ఐదు నిమిషాల్లో ఈ రోజు క్వెస్ట్ అయిపోయింది. ఈ రోజుకు దాన్ని ఇంకేమీ చేయకండి, ఉత్సాహం వచ్చినా సరే. రెండో రోజు కాగితం మీదున్న ఫోన్ నంబరుకు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఈ రిఫరెన్స్ నంబరు మీద గడువు పొడిగించడానికి ఏం చేయాలి?" జవాబును అదే కవరు మీద రాయండి. మూడో రోజు కూర్చుని చదవండి. అప్పటికి అది తెలిసిన కాగితం అయిపోయి ఉంటుంది. ఒకవేళ మొదటి రోజు చూసినప్పుడే గడువు రేపో ఎల్లుండో అని తేలితే, ఫోన్ కూడా అదే రోజు చేసేయండి. గడువు దాటిపోయి ఉన్నా ఫోన్ చేయండి, ప్రశ్న మాత్రం "ఇప్పుడు ఏం చేయాలి" అని మారుతుంది.

రెండో గడ్డు పని, వారాల తరబడి జవాబివ్వని మెసేజ్. ఇక్కడ చెడగొట్టేది క్షమాపణ. ఇన్నాళ్లు ఎందుకు రాయలేదో వివరించాలని కూర్చుంటారు, గంట గడుస్తుంది, అది డ్రాఫ్ట్‌లోనే ఉండిపోతుంది. రెండు వాక్యాలు చాలు: "ఆలస్యమైంది, క్షమించండి. గురువారం సాయంత్రంలోగా మొదటి భాగం పంపుతాను." కారణాలు వద్దు. తేదీ మాత్రం మీరు నిలబెట్టుకోగలిగేదే ఇవ్వండి. అనుకున్నదానికి ఒక రోజు కలిపి చెప్పండి. ఎదురుచూసే మనిషికి మీ కారణం కన్నా ఆ తేదీయే ముఖ్యం.

ముందు 25 నిమిషాలు, తర్వాత ఆట

"పనులన్నీ అయ్యాకే ఆడతాను" అని ఒట్టు పెట్టుకోకండి. పనులన్నీ ఎప్పటికీ అయిపోవు, కాబట్టి ఆ ఒట్టు మూడో రోజే విరుగుతుంది, విరిగాక తప్పు చేస్తున్నానన్న బాధతో ఆడతారు, ఆ ఆటలో విశ్రాంతి కూడా దొరకదు. దానికి బదులు, ఆటకు ముందు 25 నిమిషాలు పని. అంతే. 25 కూడా భయంగా ఉంటే 10తో మొదలుపెట్టండి, ఆ 10ని మాత్రం తగ్గించకండి.

దీన్ని మాటల్లో ఎలా పెట్టుకుంటారన్నది కూడా ముఖ్యమే. "ఇకనుంచి పని చేస్తాను" అంటే ఏమీ జరగదు. "ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరవగానే, ముందు నీలం ఫైలు తెచ్చి బల్ల మీద పెడతాను" అన్నప్పుడు పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది. పలానాది జరిగితే పలానాది చేస్తాను అని ముడి వేసుకునే ఈ పద్ధతి మీద పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి పనిచేశారు. మీ ముడిని ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించండి.

ఇంకో చిన్న ఏర్పాటు కూడా చేయండి. కంప్యూటర్ ఆన్ కాగానే లాంచర్ దానంతటదే తెరుచుకుంటుంటే ఆపేయండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ యాప్స్‌లోకి వెళ్తే డిసేబుల్ చేయొచ్చు. డెస్క్‌టాప్ మీదున్న షార్ట్‌కట్ తీసేయండి, టాస్క్‌బార్ నుంచి కూడా. ఇవి మిమ్మల్ని అడ్డుకోవు, ఒక ఐదారు సెకన్లు ఆలస్యం మాత్రం చేస్తాయి. చేయి దానంతటదే పోయేటప్పుడు ఆ ఐదారు సెకన్లలోనే మీకు మెలకువ వస్తుంది.

బయటికొచ్చే తలుపు

ఎప్పుడు బయటికొస్తారో లోపలికి పోకముందే తేల్చుకోవాలి. లోపలికి పోయాక తేల్చే శక్తి ఉండదు, అక్కడ గడియారం వేరుగా నడుస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలే. "ఇంకొక్క రోజు" అని మూడుసార్లు అనుకుంటే గంట పోయినట్టే.

మీ గళ్ల కాగితం మీదే ఇప్పుడు ఇంకో మాట చేర్చండి: ఈ పూట లోపల ఏం చేస్తాను. "ఒక డంజన్ (గ్రూపుగా గెలవాల్సిన చోటు), రెండు డైలీలు (రోజువారీ క్వెస్ట్‌లు)" అని. తర్వాత అలారం పెట్టండి, బయటికి రావాల్సిన టైంకు కాదు, దానికి 15 నిమిషాల ముందుకు. ఫోన్‌ను చేతికందే చోట ఉంచకండి, పక్క గదిలో పెట్టండి. అలారం ఆపడానికి లేచి నడవాలి. నిజానికి ఆ నడకే మిమ్మల్ని సగం బయటికి తెస్తుంది.

అలారం మోగాక ఆ 15 నిమిషాలు ఈ వరసలో గడపండి. కొత్త క్వెస్ట్ తీసుకోకండి, ఎవరు పిలిచినా కొత్త గ్రూపులో చేరకండి. పూర్తయినవి అప్పజెప్పండి. బ్యాగు ఖాళీ చేసి, పనికిరానివి అమ్మేయండి. ఇది చేయకపోతే రేపు లాగిన్ కాగానే మొదటి పావుగంట దీనికే పోతుంది. క్యారెక్టర్‌ను సత్రానికో నగరానికో చేర్చండి. తర్వాత, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో కాగితం మీద ఒక లైను రాయండి: "ఉత్తరపు గుహ, రెండో తాళం". సగంలో ఆగిన పనులు పూర్తయినవాటికన్నా ఎక్కువ గుర్తుండిపోతాయని బ్లూమా జైగార్నిక్ 1927లో గమనించారు. ఆ ఒక్క లైను రాస్తే, సగంలో ఆపిన క్వెస్ట్ రాత్రంతా తలలో తిరగడం తగ్గుతుంది. చివరగా క్యారెక్టర్ స్క్రీన్ దగ్గర ఆగిపోకుండా లాంచర్ కూడా పూర్తిగా మూసేయండి. లాంచర్ తెరిచి ఉంచి మంచినీళ్లు తాగి వస్తే మళ్లీ ప్లే బటన్ మీదే చూపు పడుతుంది.

ఎక్కడైనా సేవ్ చేసుకోగలిగే గేమ్ అయితే ఇదంతా తేలిక. చెక్‌పాయింట్ ఉన్నచోటే సేవ్ అయ్యే గేమ్‌లో, అలారం మోగాక వచ్చే మొదటి చెక్‌పాయింటే చివరిది అని పెట్టుకోండి. మ్యాచ్‌లుగా ఆడేవాటిలో నిమిషాల లెక్క పనిచేయదు, ఎందుకంటే ఒక మ్యాచ్ ఎంతసేపు నడుస్తుందో మీ చేతిలో లేదు. అక్కడ మ్యాచ్‌ల సంఖ్య పెట్టుకోండి, రెండంటే రెండు. ముఖ్యంగా ఓడిపోయాక ఆపడం నేర్చుకోండి. గెలుపుతో ముగించాలన్న పట్టుదల మనిషిని తెల్లవారుజాము దాకా కూర్చోబెడుతుంది.

వీఆర్ హెడ్‌సెట్‌లో గది కనిపించదు, గోడ గడియారం కనిపించదు, బయట చీకటి పడిందో లేదో తెలియదు. అందుకని వంటింట్లో వాడే టైమర్‌ను ఆడే గదిలోనే గట్టిగా వినిపించేలా పెట్టండి. హెడ్‌సెట్ తీశాక రెండు మూడు నిమిషాలు నిలబడి, దూరంగా ఉన్న వస్తువులను చూడండి. వెంటనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తల తిరుగుతుంది, పని మొదలుకాదు.

గిల్డ్‌తో మాట్లాడటం

గిల్డ్ అంటే గేమ్‌లో కలిసి ఆడే జట్టు. అందులో ఉన్నవాళ్లు నిజమైన మనుషులు, ఆ స్నేహం నిజమైనది. ఇంట్లోవాళ్లకు ఇది అర్థం కాకపోవచ్చు, కానీ మీరు చెప్పకుండా మాయమైతే మిగతావాళ్లందరి రాత్రి పాడవుతుంది. ఫైనల్ ఫాంటసీ 14లో ఒక రెయిడ్‌కు (జట్టుగా పెద్ద బాస్‌తో చేసే పోరుకు) ఎనిమిది మంది కావాలి, వార్‌క్రాఫ్ట్‌లో అన్నిటికన్నా కష్టమైన మిథిక్ రెయిడ్‌కు ఇరవై మంది. దెబ్బలు కాచుకునే ట్యాంకో, గాయాలు మాన్పే హీలరో రాకపోతే మొదలే కాదు. ఈ బాధ్యత బరువు వల్లనే చాలామంది తగ్గించుకోలేకపోతారు. బయట బాధ్యతల నుంచి తప్పించుకోవడానికి వచ్చినచోట ఇంకో బాధ్యత మెడకు పడుతుంది.

ఒక రాత్రిలో మానేయకండి. అలా మానేస్తే వారంలో మెసేజ్‌లు మొదలవుతాయి, జాలేసి వెనక్కి వెళ్తారు, ఈసారి ఇంకా ఎక్కువ ఆడి రుణం తీర్చుకోవాలనుకుంటారు. గిల్డ్ లీడర్‌కు రెండు వారాల ముందు చెప్పండి: "ఈ నెలాఖరు నుంచి వారానికి ఒక్క రాత్రే రాగలను. నన్ను మెయిన్ టీమ్ నుంచి తీసి సబ్‌గా పెట్టండి. గిల్డ్ బ్యాంక్ చూసుకునే పని ఎవరికి అప్పగించమంటారు?" కారణం అడిగితే "ఇంటి పనులు పెరిగాయి" అంటే చాలు. చాలామంది లీడర్లకు ఇది కొత్త కాదు, ముందే చెప్పినందుకు సంతోషిస్తారు. చెప్పిన తర్వాత, గిల్డ్ మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో ఆ సర్వర్‌ను (గిల్డ్ చాట్‌ను) మ్యూట్ చేసి, మిమ్మల్ని పేరుపెట్టి పిలిచినప్పుడు మాత్రమే మోగేలా సెట్ చేసుకోండి. అందులో ఇద్దరు ముగ్గురు మంచి స్నేహితులు ఉంటే, గేమ్ బయట కూడా మాట్లాడుకునే దారి వేసుకోండి. లేకపోతే వాళ్లను కలవాలంటే లాగిన్ కావడం తప్ప వేరే దారి ఉండదు.

రాత్రి, తాళాలు, జారిపోయిన రోజు

రోజంతా అందరికీ పనిచేసి, ఇల్లు సద్దుమణిగాక దొరికేది ఆ రాత్రి ఒక్కటే కాబట్టి దాన్ని వదులుకోవడం కష్టం. కానీ పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలి, నిద్ర తక్కువైన రోజు పనికుప్ప రెట్టింపు ఎత్తుగా కనిపిస్తుంది, దాంతో మళ్లీ గేమ్. ఈ గొలుసును తెంచడానికి ఆటను రాత్రి చివరి నుంచి సాయంత్రానికి జరపండి, అరగంటైనా సరే. చాలా రౌటర్లలో ఏ పరికరానికి ఏ వేళ ఇంటర్నెట్ ఆగిపోవాలో పెట్టుకోవచ్చు. గేమ్ ఆడే పరికరానికి మాత్రమే పెట్టండి, ఇంట్లో అందరికీ పెడితే రెండో రోజే ఎవరో ఒకరు తీసేయమంటారు.

ఫోన్ గేములకైతే ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఉన్నాయి. తీసేసే వీలు మీ చేతిలోనే ఉంటే అవి తలుపుకు వేసిన కర్టెన్ లాంటివి, పక్కకు జరిపితే జరిగిపోతాయి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను నమ్మకమైన మనిషి చేత పెట్టించండి. పెద్ద గేమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయడం అంతకన్నా బాగా పనిచేస్తుంది: మళ్లీ డౌన్‌లోడ్ కావడానికి పట్టే సమయంలో ఆ కోరిక దాటిపోవచ్చు. ఆన్‌లైన్ గేమ్ అయితే క్యారెక్టర్ సర్వర్‌లోనే ఉంటుంది, ఏమీ పోదు. ఒంటరిగా ఆడేదైతే సేవ్ ఫైల్ క్లౌడ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. ఆవేశంలో క్యారెక్టర్‌ను డిలీట్ చేయకండి. ఏళ్ల శ్రమ పోయిన దుఃఖంతో మళ్లీ మొదటి లెవెల్ నుంచి మొదలుపెడతారు. అకౌంట్‌లో సేవ్ చేసిన కార్డును మాత్రం ఈ రోజే తీసేయండి.

జారిపోయే రోజు వస్తుంది. కొత్త ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కు చేరే పెద్ద భాగం) విడుదల, పెద్ద ఈవెంట్, లేదా ఆఫీసులో చెడ్డ రోజు. మొదటి రెండూ ముందే తెలుస్తాయి కాబట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఇంట్లో చెప్పి, చుక్క పెట్టిన పనులు అంతకుముందే ముగించి హాయిగా ఆడండి. మూడోది చెప్పి రాదు. ఆ రాత్రి ఆరు గంటలు ఆడేస్తే, మర్నాడు చేయాల్సింది ఒక్కటే: గళ్ల కాగితం తీసి, రెండో గడిలో నిన్న దేని నుంచి పారిపోయారో రాయండి. పోయిన ఆరు గంటలను పూడ్చడానికి రాత్రంతా మేలుకుని పని చేయకండి. ఆ పనిలోంచి ఐదు నిమిషాల ముక్క ఒకటి కోసుకుని అది చేయండి.

ఈ పద్ధతి చాలనప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ 11వ సంచికలో గేమింగ్ డిసార్డర్‌ను చేర్చింది, ఆ సంచిక 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో చూసేవి మూడు: ఆడటం మీద అదుపు తప్పడం, మిగతా జీవితం కన్నా ఆటకే ముందు చోటు ఇవ్వడం, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా కొనసాగించడం. ఇవి సాధారణంగా 12 నెలలుగా ఉండి, చదువో ఉద్యోగమో కుటుంబమో బాగా దెబ్బతిని ఉండాలి. తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే నిర్ధారించవచ్చు. ఎక్కువ గంటలు ఆడే ప్రతి ఒక్కరికీ ఇది వర్తించదు. కానీ మూడు నాలుగు వారాలు నిజాయితీగా ప్రయత్నించినా ఆటకు ముందు 10 నిమిషాలు కూడా కుదరడం లేదంటే, లేదా గేమ్‌లో కూడా ఆనందం పోయి, నిద్ర, ఆకలి, స్నానం గాడి తప్పాయంటే, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. లోపల డిప్రెషనో ఆందోళనో ఉండి, గేమ్ దానికి దుప్పటి కప్పుతూ ఉండొచ్చు. అప్పుడు దుప్పటి లాగేస్తే సరిపోదు, లోపలిదానికి వైద్యం కావాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఈ గైడ్ పక్కన పెట్టి, ఇప్పుడే దగ్గరున్న మనిషికో ఎమర్జెన్సీకో చెప్పండి. వైద్యుల దగ్గరికి పోయేటప్పుడు ఆ గళ్ల కాగితం వెంట తీసుకెళ్లండి. మాటల్లో చెప్పడానికి నోరు రాకపోయినా రెండో గడి చూపిస్తే సగం సంగతి వాళ్లకు అర్థమవుతుంది.

ఇంట్లో ఎవరైనా ఇలా ఆడుతుంటే, చదువుతున్న మీకు ఒక మాట. రెయిడ్ మధ్యలో ప్లగ్ లాగకండి. మీ దృష్టిలో అది ఒక స్విచ్, వాళ్లకు అది పదిమంది ముందు పోయిన పరువు. గొడవ ఆ పరువు గురించే నడుస్తుంది, పనుల మాట మరుగున పడిపోతుంది. భుజం మీద చేయి వేసి, "ఇది ఎన్నింటికి అయిపోతుంది?" అని అడగండి. చెప్పిన టైంకు వెళ్లి, ఆ తెరవని కవరు, కత్తెర తీసుకుని పక్కన కూర్చోండి.